జపనీస్–మెడిటరేనియన్ రెస్టారెంట్‌లో ఏం తెప్పించుకోవాలి, ఏం అడగాలి

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. టోక్యోలో మీ ఆఫీసువాళ్ళు ఒక జపనీస్–మెడిటరేనియన్ ఫ్యూజన్ రెస్టారెంట్‌లో డిన్నర్ పెట్టారు, భార్యాభర్తలిద్దర్నీ పిలిచారు. మీరు చేపలు తింటారు గానీ పచ్చి చేప ఎప్పుడూ ముట్టలేదు. మీ ఆవిడ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినరు. వాళ్ళు పంపిన మెనూ చూస్తే సగం అర్థం కాలేదు. ఏం తెప్పించుకోవాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి, అసలు సోయా సాస్‌కీ ఆలివ్ నూనెకీ పొత్తు కుదురుతుందా అని అడిగారు.

నేను టోక్యోలో ఇలాంటి వంటగదుల్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ముందు చిన్న జవాబు చెప్పేస్తాను: తప్పకుండా వెళ్ళండి. మీకు అక్కడ మంచి భోజనం దొరుకుతుంది. మీ ఆవిడ సంగతి మాత్రం ఇవాళే రెస్టారెంట్‌కి ఫోన్ చేసి చెప్పండి. అక్కడ కూర్చున్నాక చెబితే వంటవాళ్ళు చేయగలిగింది చాలా తక్కువ. ఎందుకో కింద రాస్తాను.

ముందుగా ఆ పొత్తు విషయం. ఇది అర్థమైతే మెనూ దానంతటదే అర్థమవుతుంది.

జపాన్ వంట నీళ్ళ మీద నిలబడింది. కొంబు అనే సముద్రపు నాచునీ, కత్సువోబుషినీ నీళ్ళలో వేసి సారం దించుతారు. కత్సువోబుషి అంటే బొనీటో చేపని ఉడికించి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెట్టి, కాగితమంత పల్చగా చెక్కినది. ఆ సారమే దాషి. సూపు, ఉడికించిన కూరగాయలు, నూడుల్స్, సాస్‌లు అన్నీ దాని మీదే నడుస్తాయి. సంప్రదాయ వంటలో నూనె వాడకం చాలా తక్కువ. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల్లో పద్ధతి వేరు. ఇటలీ, గ్రీస్, స్పెయిన్, టర్కీ, లెబనాన్, ఎక్కడ చూసినా వంట ఆలివ్ నూనెతో మొదలవుతుంది. వెల్లుల్లి, ఉప్పులో ఊరిన నెత్తళ్ళు, మూలికలు, టమాటా, వీటి వాసనా రుచీ ముందు నూనెలోకి దిగాలి.

మన ఇంట్లో చారుకి పోపు పెట్టడం చూసినవాళ్ళకి ఇది వెంటనే తెలిసిపోతుంది. చింతపండు పులుపూ పప్పుకట్టు సారమూ నీళ్ళలో ఉంటాయి. ఇంగువ, ఎండుమిరప, కరివేపాకు వాసన నూనెలో ఉంటుంది. రెండూ కలిసేది చివర్లో, ఒక్క క్షణంలో. మంచి ఫ్యూజన్ వంటలో కూడా నీళ్ళ రుచీ నూనె రుచీ దేనికది శుభ్రంగా తయారై, ఒక్క చోట కలుస్తాయి. మీ ముందుకి ప్లేటు వచ్చినప్పుడు ఆ కలిసే చోటు ఎక్కడుందో చూడండి. అది స్పష్టంగా తెలిస్తే వంట బాగున్నట్టే. తెలియకుండా ఒకదాని మీద ఒకటి నాలుగైదు సాస్‌లు పోసి ఉంటే, అక్కడ షెఫ్‌కి రెండు వంటలూ రావు.

దీని వెనక రసాయనం కూడా ఉంది. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో కికునయె ఇకెదా అనే ఆచార్యుడు 1908లో కొంబు రుచికి కారణం గ్లుటమేట్ అని తేల్చాడు. ఆ రుచికే ఉమామి అని పేరు పెట్టాడు. ఆయన శిష్యుడు షింతారో కొదామా 1913లో కత్సువోబుషిలో ఇనోసినేట్ అనే ఇంకో పదార్థాన్ని పట్టుకున్నాడు. ఈ రెండూ విడివిడిగా ఇచ్చే రుచి కంటే కలిస్తే వచ్చే రుచి ఎన్నో రెట్లు ఎక్కువ. దాషిలో నాచూ చేపా రెండూ వేసేది అందుకే. ఇటలీ వంటవాళ్ళు ఈ లెక్కలేమీ తెలియకుండానే అదే పని చేశారు. పండిన టమాటాలోనూ ఏళ్ళ తరబడి మగ్గిన పార్మెజాన్ చీజ్‌లోనూ గ్లుటమేట్ దండిగా ఉంటుంది. టమాటా సాస్‌లో రెండు నెత్తళ్ళు వేసి కరిగిస్తే రుచి అమాంతం పెరగడం వెనక ఉన్నదీ ఈ కలయికే. కాబట్టి ఈ రెండు వంటలూ దూరపు చుట్టాలేం కాదు. ఒకే రుచిని ఒకరు నీళ్ళలో వెతికారు, ఇంకొకరు నూనెలో.

ఇదేదో ఫొటోల కోసం నిన్నమొన్న పుట్టిన వంట అని కూడా అనుకోకండి. పోర్చుగీసువాళ్ళు 1543లో జపాన్ తీరం చేరారు. వాళ్ళతో వచ్చిన పిండిలో ముంచి వేయించే పద్ధతి టెంపురా అయింది. వేయించిన చేపని వెనిగర్‌లో నానబెట్టే ఐబీరియా (స్పెయిన్, పోర్చుగల్) వంట నన్బన్‌జుకె అయింది. నన్బన్‌జుకెలో ఉల్లిపాయా మిరపకాయా పడతాయి. మిరపకాయ మన దేశానికి వచ్చింది కూడా ఆ శతాబ్దంలోనే, ఆ పోర్చుగీసువాళ్ళ చేతుల మీదుగానే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యొకొహామాలోని హోటల్ న్యూ గ్రాండ్‌లో స్పగెట్టి నపొలితాన్ మొదలైంది. తర్వాత చిన్న చిన్న కాఫీ హోటళ్ళు దాన్ని టమాటా కెచప్‌తో చేసి దేశమంతా పాకించాయి. 1980ల చివర్లో, చేతినిండా డబ్బున్న రోజుల్లో, టోక్యో అంతటా ఇటాలియన్ వంట మోజు పట్టుకుంది. ఇప్పుడు మీరు వెళ్ళబోయే రెస్టారెంట్లు ఆ తరం వంటవాళ్ళ చేతుల్లో తయారైనవే.

ఒక్క దీవి గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. జపాన్ లోపలి సముద్రంలో కగావా ప్రాంతానికి చెందిన షొడొషిమా అనే దీవి ఉంది. అక్కడ సోయా సాస్ సుమారు 400 ఏళ్ళుగా తయారవుతోంది. మనిషి కంటే ఎత్తున్న దేవదారు జాతి చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి పులియబెడతారు. 1908లో జపాన్ ప్రభుత్వం మూడు చోట్ల ఆలివ్ మొక్కలు నాటి చూస్తే, బతికి కాపుకొచ్చింది ఈ దీవిలోనే. వర్షం తక్కువ, ఎండ ఎక్కువ కావడంతో చెట్లకి అక్కడి వాతావరణం పడింది. ఒకే దీవిలో సోయా సాస్ పీపాలూ ఆలివ్ తోటలూ పక్కపక్కనే ఉంటాయి. మెనూలో ఆ దీవి పేరు కనిపిస్తే ఆ వంట అడగండి. ధర కొంచెం ఎక్కువే ఉంటుంది. అయినా ఈ రెండు రుచులు ఎలా కలుస్తాయో తెలుసుకోడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఇక మీ ప్లేటు విషయం.

పచ్చి చేప మొదటిసారి తినేవాళ్ళకి నేను ఎప్పుడూ రెండు వంటలు చెబుతాను. మొదటిది కొబుజిమె. తెల్ల చేపని, సాధారణంగా తాయ్ అనే సీ బ్రీమ్‌నో హిరామె అనే బల్లపరుపు చేపనో, ముక్కలు కోసి, తడి చేసి తుడిచిన రెండు కొంబు పట్టల మధ్య పెట్టి కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచుతారు. చేపలో నీరు నాచులోకి పోతుంది, నాచులో రుచి చేపలోకి వస్తుంది. ముక్క కొంచెం గట్టిపడి, గాజులా మెరుస్తుంది. పచ్చి చేప అనగానే మీరు భయపడే ఆ మెత్తదనం, నీచు వాసన రెండూ దాదాపు పోతాయి. దాని మీద మంచి ఆలివ్ నూనె చుక్కలు, నిమ్మజాతి పండు తొక్క తురుము, నాలుగు ఉప్పు పలుకులు. అంతే. ఇందులో సోయా సాస్ కూడా అక్కర్లేదు. నీళ్ళ వంట చేప లోపల జరిగిపోయింది, నూనె పైన వచ్చి కలిసింది. నా దృష్టిలో ఈ తరహా వంటల్లో అన్నిటికంటే పైన నిలిచేది ఇదే.

రెండోది వేడి నూనె పోసిన సాషిమీ, అంటే పల్చగా కోసిన పచ్చి చేప. దీన్ని పేరుకి తెచ్చింది నోబు మత్సుహిసా. 1987లో అమెరికాలోని బెవర్లీ హిల్స్‌లో రెస్టారెంట్ తెరిచిన షెఫ్ ఆయన. పచ్చి చేప తినలేనని ప్లేటు వెనక్కి పంపిన ఒకావిడ కోసం, అదే చేప మీద కాగిన ఆలివ్ నూనె పోసి మళ్ళీ పంపాడని చెబుతారు. ఇప్పుడు ప్రపంచమంతటా చేస్తారు. పల్చటి చేప ముక్కల మీద అల్లం తురుము, సన్నని ఉల్లికాడలు, నువ్వులు చల్లి, యుజు అనే నిమ్మజాతి పండు రసం కలిపిన సోయా సాస్ వేసి, చివర్లో పొగలొచ్చే నూనె పోస్తారు. చుయ్ మన్న శబ్దంతో ముక్క అంచులు తెల్లబడతాయి. అది బల్ల మీదకి రాగానే తినాలి. ఫొటోలు తీస్తూ అయిదు నిమిషాలు కూర్చుంటే నూనె చల్లారి బరువుగా అనిపిస్తుంది.

ఒక విషయం గుర్తుంచుకోండి. నూనె తగిలేది పైపైనే, చేప లోపల పచ్చిదే. పచ్చి చేపలో అనిసాకిస్ అనే సన్నటి పురుగు ఉండే అవకాశం ఉంది. సబా, అంటే మన కానాగంతల జాతి చేపలోనూ, కణవల్లోనూ ఎక్కువ. మైనస్ 20 డిగ్రీల దగ్గర 24 గంటలు గడ్డకట్టిస్తే అది చస్తుంది, లేదా 60 డిగ్రీల దగ్గర ఒక నిమిషం ఉడికితే చస్తుంది. వెనిగర్, సోయా సాస్, వసాబి దాన్నేమీ చేయలేవు. పేరున్న చోట్ల చేపని గడ్డకట్టించో, ఒక్కో ముక్కా వెలుగులో పెట్టి చూసో వడ్డిస్తారు. అందుకని మీరు టెన్షన్ పడక్కర్లేదు. కానీ ఇంట్లో చేసుకుందామని సూపర్ మార్కెట్లో వండుకోడానికి అమ్మే చేప కొని పచ్చిగా తినకండి. మీ ఆఫీసువాళ్ళలో గర్భిణులు ఎవరైనా ఉంటే పచ్చి చేప పూర్తిగా మానేయడం మంచిది. పెద్ద ట్యూనా విషయంలో పాదరసం సమస్య కూడా ఉంది.

ట్యూనా అన్నాను కాబట్టి ఇంకొక మాట. మెనూలో మాల్టా అనో, స్పెయిన్ అనో రాసిన హొన్‌మగురో, అంటే బ్లూఫిన్ ట్యూనా, కనిపించవచ్చు. అది జపాన్‌కీ మధ్యధరాకీ నిజంగా ఉన్న వ్యాపార బంధం. అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా గుడ్లు పెట్టడానికి వసంతంలో జిబ్రాల్టర్ జలసంధి దాటి మధ్యధరాలోకి వస్తుంది. స్పెయిన్‌లోని కాదిజ్ తీరంలో ఆ దారికి అడ్డంగా వలలు కట్టి పట్టే పద్ధతి శతాబ్దాల నాటిది. మాల్టా, క్రొయేషియా, స్పెయిన్‌లలో సముద్రంలోనే పెద్ద వలల్లో ఉంచి మేపుతారు. అందులో పెద్ద వాటా కొనేది జపానే. ఒక దశలో ఈ చేప అంతరించిపోతుందని పెద్ద గొడవే జరిగింది. 2010లో దోహాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని మొనాకో పెట్టిన ప్రతిపాదన ఓడిపోయింది. ఆ తర్వాత కోటాలు కఠినంగా అమలు చేయడంతో మళ్ళీ పెరిగింది. 2021లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఆ జాతిని ప్రమాదంలో ఉన్న జాబితా నుంచి తీసేసింది. కాబట్టి నిశ్చింతగా తినండి. కొవ్వున్న పొట్ట భాగం, ఓతొరో, ఖరీదు ఎక్కువ. ఆలివ్ నూనెతో మాత్రం అది కలవదు, కొవ్వు మీద కొవ్వు పడి నోరు మొద్దుబారుతుంది. నూనెతో తినాలంటే కొవ్వు లేని ఎర్ర భాగం, అకామి, అడగండి. ధర తక్కువ, రుచి బాగా తెలుస్తుంది.

ఇక పాస్తా. జపాన్ వాళ్ళు స్పగెట్టిని తమ సొంతం చేసుకున్న తీరు చూడాలంటే మెంతాయ్‌కో స్పగెట్టి తినాలి. దీనికి ముందున్నది తరాకో స్పగెట్టి. టోక్యోలో 1953లో మొదలైన కాబె నో అనా అనే స్పగెట్టి హోటల్లో పుట్టిందంటారు. తరాకో అంటే పొలాక్ చేప గుడ్లని ఉప్పులో ఊరేసినది. దానికి మిరపకారం పట్టిస్తే మెంతాయ్‌కో. ఫుకువొకా ఊరు దీనికి పేరు పొందింది, మూలం కొరియా.

ఇది చాలా తేలిక వంటలా కనిపిస్తుంది. చెడగొట్టడం ఇంకా తేలిక. గుడ్ల సంచిని కత్తి మొనతో నిలువునా చీరి, కత్తి వెనకవైపుతో లోపలి గుడ్లని పొర నుంచి మెల్లగా గీకి గిన్నెలోకి తీసుకోవాలి. అందులో వెన్న, కాస్త ఆలివ్ నూనె, ఒక చుక్క సోయా సాస్. ఉడికిన స్పగెట్టిని నీళ్ళు పూర్తిగా వడకట్టకుండా ఆ గిన్నెలోనే వేసి కలపాలి. పెనం మీద కాదు, మంట పక్కన కూడా కాదు. స్పగెట్టి వేడికే వెన్న కరిగి, గింజ గింజా విడిగా తీగలకి అంటుకోవాలి. పైన సన్నగా తరిగిన షిసో అనే సువాసన ఆకు, కత్తెరతో కత్తిరించిన నోరి అనే ఎండు నాచు. మీ ప్లేటులో గులాబీ రంగు గింజలు విడివిడిగా కనిపిస్తూ, కొరికితే పంటి కింద చిన్నగా పగలాలి. అవి లేత తెలుపు ముద్దలై ఉంటే పెనంలో ఉడికించేశారన్నమాట. ఆ వంటగదిలో తొందర ఎక్కువ. మిగతా వంటలు కూడా ఆచితూచి తెప్పించుకోండి.

ఇలాంటిదే ఇంకో బంధం మల్లెట్ చేప గుడ్లది. సార్దీనియాలో వాటిని ఉప్పులో నొక్కి ఎండబెట్టి బొత్తార్గా అంటారు. నాగసాకిలో అదే చేప గుడ్లతో కరాసుమి చేస్తారు. రెండిటినీ ఒకే ప్లేటులో తురిమి ఇచ్చే చోట్లు టోక్యోలో ఉన్నాయి. మీకు ఎండుచేపల రుచి ఇష్టమైతే అడగండి. ఆక్టోపస్ కూడా ధైర్యంగా తెప్పించుకోవచ్చు. మెత్తగా ఉడికించి బొగ్గుల మీద కాల్చి ఇస్తే చాలా బాగుంటుంది. టోక్యోలో తినే ఆక్టోపస్‌లో చాలా భాగం మొరాకో, మౌరితానియాల నుంచి వచ్చేదే.

మెనూలో వీటికి దూరంగా ఉండండి: ట్రఫుల్ (ఖరీదైన ఒక రకం పుట్టగొడుగు) నూనె, మయొనీజ్, తీపి సోయా సాస్ ఒకే వంటలో కనిపిస్తే వద్దు. చవక ట్రఫుల్ నూనెలో ఉండేది ట్రఫుల్ కాదు, ల్యాబ్‌లో తయారైన వాసన. అది పడితే మిగతా రుచులన్నీ పోతాయి. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), పార్మెజాన్, ఆంచొవీ (ఉప్పులో ఊరిన నెత్తళ్ళు) మూడూ ఉన్న రిసొత్తో (ఇటలీ అన్నం వంట) కూడా అనుమానమే. మూడూ ఉప్పగా ఉండేవే. మూడిటినీ అదుపులో పెట్టగలిగిన వంటవాళ్ళు ఉన్నారు గానీ తక్కువ. ఇంట్లో ఎవరికైనా బీపీ ఉంటే ఈ సంగతి మరీ ముఖ్యం. జపాన్ వంట ఒంటికి మంచిదని అందరూ అంటారు, అందులో నిజముంది. ఉప్పు విషయంలో మాత్రం కాదు.

మీరు గొడ్డుమాంసం తినరేమో, మీ ప్రశ్నలో రాయలేదు. తినకపోతే కార్పాచో (పచ్చి మాంసాన్నో చేపనో పల్చగా కోసి ఇచ్చేది) అన్న మాట చూడగానే ఏ మాంసమో అడగండి. జపాన్‌లో కార్పాచో అంటే ఎక్కువగా చేపే. కానీ 1950లో వెనిస్‌లోని హ్యారీస్ బార్‌లో జుసెప్పె చిప్రియాని మొదట చేసినది పచ్చి గొడ్డుమాంసంతో. వాగ్యూ, అంటే జపాన్ గొడ్డుమాంసం, కార్పాచో చాలా చోట్ల ఉంటుంది. మాంసం సాస్‌లోనూ, క్రోకెట్‌లోనూ గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి వేయడం మామూలే.

ఇప్పుడు మీ ఆవిడ భోజనం. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే.

జపాన్‌లో చాలామందికి శాకాహారం అంటే ప్లేటులో మాంసం ముక్క లేకపోవడం. చేపతో చేసిన దాషిని వాళ్ళు మాంసంగా లెక్కపెట్టరు. అది మోసం కాదు, వాళ్ళ అలవాటు. కాబట్టి వెజిటేరియన్ అని ఊరుకోవద్దు. బుకింగ్ చేసినవాళ్ళతో ఇలా చెప్పించండి: "నికు, సకానా, తమాగో, సకానా నో దాషి మో తాబెరారెమాసెన్." మాంసం, చేప, గుడ్డు, చేప దాషి కూడా తినలేను అని అర్థం. ఇది కనీసం మూడు రోజుల ముందు చెబితే, మంచి వంటగది వాళ్ళు కొంబు, ఎండు షీతాకె పుట్టగొడుగులతో వేరే దాషి దించుతారు. బౌద్ధ ఆలయాల వంటలో వాడేది ఆ దాషే. రుచిలో ఏమాత్రం తక్కువ కాదు. కానీ కొంబు, షీతాకె రాత్రంతా నానాలి. డిన్నర్ టైముకి వెళ్ళి అడిగితే ఎవరూ చేయలేరు. ముందే చెప్పమన్నది ఇందుకే.

తెలియకుండా చేపో, గుడ్డో దూరే చోట్లు చెబుతాను. పొన్జు, అంటే నిమ్మజాతి పండ్ల రసం కలిపిన పుల్లటి సోయా సాస్, సీసాలో చాలావరకు కత్సువోబుషి ఉంటుంది. మిసో శాకాహారమే గానీ, దాషి కలిపిన మిసో అని వేరే అమ్ముతారు. టెంపురా కూరగాయలదే అయినా పిండిలో గుడ్డు కొట్టే పద్ధతి ఉంది, పక్కన ఇచ్చే పులుసులో చేప దాషి ఉంటుంది. వంకాయ మీద మిసో పూసి కాల్చే దెంగాకు చూడగానే నోరూరుతుంది. కానీ ఆ మిసోలో గుడ్డు పచ్చసొన కలిపే చోట్లు చాలా ఉన్నాయి. పాస్తాలో ఎండు స్పగెట్టికి గుడ్డు ఉండదు. తాజాగా చేసిన తల్యతెల్లె అనే పాస్తాకి ఉంటుంది. సీజర్ సలాడ్‌లో ఆంచొవీ ఉంటుంది. పార్మిజానో రెజ్జానో (అసలు పార్మెజాన్ చీజ్) తయారీకి దూడ పొట్టలోంచి తీసిన, పాలు విరిచే రెనెట్ వాడాలని నియమమే ఉంది. మీ ఆవిడకి దాని పట్టింపు ఉంటే చీజ్ వద్దని చెప్పండి. సాస్‌లన్నిటి మీదా సన్నటి చెక్కు రేకులు కదులుతూ కనిపిస్తే అవి కత్సువోబుషి, తినకండి.

ఆవిడ హాయిగా తినగలిగినవి కూడా చాలా ఉన్నాయి. ఎదామామె, అంటే లేత సోయా గింజల్ని ఆలివ్ నూనె, నిమ్మరసంతో నూరి హమ్మస్‌లా ఇస్తారు. వంకాయ, కబొచా గుమ్మడి, లోటస్ దుంపల్ని కాల్చి, వేడిగా ఉండగానే శాకాహార దాషిలో ముంచి నానబెట్టి, పైన నూనె వేస్తారు. దీన్ని యాకి-బితాషి అంటారు. ఇందాక చెప్పిన నీళ్ళూ నూనే కథ శాకాహారంలో ఇంతకంటే బాగా ఎక్కడా రాదు. వేళ్ళంత మందాన కోసిన వంకాయ లోపలిదాకా సారం పీల్చుకుని, నొక్కితే నోట్లో నిండిపోతుంది. గట్టి టోఫూ మీద యుజు కొషో, అంటే యుజు తొక్క, పచ్చిమిరప, ఉప్పు కలిపి నూరిన ముద్ద, పక్కన టమాటా, ఆలివ్ నూనె. కారం లేదని బాధపడే మన నాలుకకి ఆ ముద్ద ఎంతో హాయి. ఒక చిన్న గిన్నెలో విడిగా ఇమ్మంటే ఇస్తారు. స్పగెట్టి ఆల్యో ఎ ఓల్యో, వెల్లుల్లి, నూనె, ఎండుమిరపతో, పైన షిసో, వేయించిన పుట్టగొడుగులు. ఇది ఏ వంటగదిలోనైనా పది నిమిషాల్లో చేసిపెడతారు.

తీపి విషయంలో తిరమిసు వద్దు, అందులో గుడ్డు ఉంటుంది. పన్నకోత్తాలో జంతువుల ఎముకలూ చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. కాంతెన్‌తో, అంటే సముద్రపు నాచుతో గట్టిపరిచిన జెల్లీ ఉంటే అది తినవచ్చు. యుజు సోర్బె దాదాపు అన్ని చోట్లా ఉంటుంది.

మద్యం తాగనివాళ్ళకి ఒక మాట. మిరిన్ అనే వంటకి వాడే తీపి బియ్యపు మద్యంలో సుమారు 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది, సాకే అనే బియ్యపు మద్యాన్నీ వంటలో విరివిగా వాడతారు. ఉడికితే చాలావరకు ఆవిరైపోతుంది గానీ పూర్తిగా పోదు. అసలు వద్దనుకుంటే అది కూడా బుకింగ్‌లో చెప్పాలి. తాగేవాళ్ళు పచ్చి చేపతో రెడ్ వైన్ తీసుకోకండి. అందులోని ఇనుము వల్ల నోట్లో నీచు వాసన పెరుగుతుంది. సాకే, లేదా సముద్రపు గాలి తగిలిన తీరప్రాంతాల తెల్ల వైన్ మంచిది. ఏదీ వద్దనుకుంటే చల్లటి నీళ్ళలో నానబెట్టిన సెంచా అనే గ్రీన్ టీ అడగండి, నూనె వంటల మధ్య నోరు శుభ్రం చేస్తుంది.

మర్యాదల గురించి పెద్దగా కంగారు వద్దు. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కి ముక్క అందించకూడదు. రెండూ అక్కడ చావు కర్మలకి సంబంధించినవి. స్పగెట్టికి ఫోర్క్ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఇద్దరూ పంచుకుని తినాలంటే కోర్సు కాకుండా విడివిడి వంటలు తెప్పించే చోటైతేనే వీలవుతుంది. మీది కోర్సు డిన్నర్ అయితే మీ ఆవిడకి వేరే కోర్సు వస్తుంది. పక్కవాళ్ళ ప్లేటుతో పోల్చి చిన్నబుచ్చుకోవద్దని ముందే చెప్పండి. చాలాసార్లు వంటవాళ్ళు ఎక్కువ శ్రద్ధ పెట్టేది ఆ విడి కోర్సు మీదే. ఎందుకంటే దానికి అలవాటైన దారి ఉండదు, ప్రతి ప్లేటూ ఆలోచించి చేయాలి. బాగుంటే వెళ్ళేటప్పుడు "గొచిసోసామా దెషితా" అని కౌంటర్ వైపు తిరిగి చెప్పండి. లోపల ఉన్నవాళ్ళకి అది వినిపిస్తుంది.

బిల్లు. టిప్ ఇవ్వకూడదు, ఇచ్చినా వెనక్కి ఇస్తారు. డిన్నర్‌కి 10 శాతం సర్వీస్ చార్జి చాలా చోట్ల ఉంటుంది, దాని మీద 10 శాతం పన్ను. కూర్చోగానే అడగకుండా ఒక చిన్న గిన్నె పెడితే దానికీ కొన్ని వందల యెన్‌లు పడతాయి, అది పొరపాటు కాదు. కోర్సు బుక్ చేసి ఆఖరి రోజు రద్దు చేస్తే పూర్తి డబ్బు కట్టమంటారు. సామాన్లు ముందే కొని పెట్టుకుంటారు కాబట్టి అందులో న్యాయం ఉంది. ఇంత ఖర్చు పెట్టేముందు ఒకసారి రుచి చూద్దామనుకుంటే, అదే రెస్టారెంట్‌కి ఏదైనా మామూలు రోజు మధ్యాహ్నం వెళ్ళండి. లంచ్ సెట్ డిన్నర్ ధరలో సగం కూడా ఉండదు. మీరు ఒక చేప కార్పాచో, ఒక మెంతాయ్‌కో స్పగెట్టి తినండి, మీ ఆవిడ కోర్సు గురించి అక్కడే నేరుగా మాట్లాడి రండి. మధ్యాహ్నం రెండు దాటాక వెళితే వంటగదిలో రద్దీ తగ్గుతుంది, షెఫ్ స్వయంగా బయటికి వచ్చి మాట్లాడే వీలుంటుంది.